సోడాలో ‘బుస్’ నిలవాలంటే...

ఎండలు ముదిరితే చాలు... ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఏ ఊళ్లో బస్సు దిగినా ముందు కళ్లు వెతికేది సోడా బండినే. నన్నారి సోడానో, ఉప్పు వేసిన నిమ్మకాయ సోడానో గొంతులో పడితే తప్ప ప్రాణం లేచిరాదు. ఒకచోట తాగితే ముక్కుపుటాల దాకా జివ్వుమంటుంది. నాలుగడుగులు వేసి మరోచోట తాగితే చప్పగా ఉంటుంది. ‘గ్యాసు తక్కువ పట్టాడు’ అని బండతన్ని తిట్టుకుంటాం. నిజానికి చాలాసార్లు లోపం గ్యాసులో ఉండదు. వేడిలో ఉంటుంది!

సోడా అంటే నీళ్లు, అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్. పాత పుస్తకాల్లోని బొగ్గుపులుసు వాయువు ఇదే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ తన ఇంటి పక్కనున్న బీరు బట్టీలో ఓ ప్రయోగం చేశాడు. పులుస్తున్న తొట్టెల మీద పేరుకున్న వాయువులో నీళ్లను ఒక పాత్రలోంచి మరోపాత్రలోకి మార్చి మార్చి పోశాడు. నీళ్లకు కొత్త రుచి వచ్చింది. అలా సోడా పుట్టిందే బీరు తొట్టి మీద!

నీళ్లలో ఈ వాయువు ఎంత కరుగుతుందన్నది ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఒత్తిడి, రెండోది చల్లదనం. మామూలు వాతావరణ ఒత్తిడిలో లీటరు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర 1.7 లీటర్ల వాయువును పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర అది 0.9 లీటరుకు పడిపోతుంది. 40 డిగ్రీలకు చేరితే మిగిలేది అటూఇటుగా అరలీటరే. కడప జిల్లా ఎండల్లో 40 దాటడం మనకు కొత్త కాదు కదా!

తిప్పితేనే పని

గోలీసోడా యంత్రం చూశారా? నీళ్లు నింపిన సీసాలను పెట్టెలో బిగించి, సిలిండరు విప్పి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పుతారు. సీసా తలకిందులవుతుంటే నీళ్లూ వాయువూ బాగా కలుస్తాయి. గోలీ మూతి దగ్గరికి జారి రబ్బరు వాషరుకు ఆనుకుంటుంది. లోపలి ఒత్తిడే దాన్ని అక్కడ బిగించి ఉంచుతుంది. మూత అక్కర్లేని ఈ సీసా 1870ల్లో ఇంగ్లండు ఇంజినీరు హైరమ్ కాడ్ బుర్రలో పుట్టింది. జపాన్‌లో రామునె అనే పానీయం నేటికీ ఇలాంటి గోలీ సీసాల్లోనే దొరుకుతుంది.

ఇదే పనిని నింపాదిగా చేసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో సొంతానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి 1978లో చట్టం అనుమతించింది. (మన దగ్గర లైసెన్సు లేకుండా అలా చేస్తే నేరం. ఆ సరదా పెట్టుకోకండి!) పులిసిన బీరును వాళ్లు 19 లీటర్ల స్టీలు పీపాల్లో పోస్తారు. తమాషా ఏంటంటే, ఆ పీపాలు మొదట శీతల పానీయాల కంపెనీలు వాడినవే. ముందు పీపాను 3, 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. తర్వాత 10 నుంచి 12 పీఎస్ఐ ఒత్తిడితో గ్యాసు తగిలించి వారం, పది రోజులు వదిలేస్తారు. టైర్లలో గాలి కొలిచే లెక్కే ఇది. తొందరపడేవాళ్లు 30 పీఎస్ఐ పెట్టి పీపాను ఊపుతారు. అచ్చం మన సోడా యంత్రం పద్ధతే! కానీ ఎంత తొందరున్నా చల్లబరచడం మాత్రం మానరు. గ్లాసులో పోసేదాకా పీపాను చల్లగానే ఉంచుతారు. లేకపోతే కుళాయి తిప్పగానే వచ్చేది నురగే.

ఎండలో పెడితే...

మన బండ్ల దగ్గర తలకిందులయ్యేది ఇక్కడే. గోరువెచ్చని నీళ్లకు గ్యాసు పట్టాలంటే ఒత్తిడి పెంచాలి. పోనీ చల్లటి నీళ్లకే పట్టినా, తర్వాత సీసాలను ఎండలో పెడితే కథ మొదటికొస్తుంది. 4 డిగ్రీల దగ్గర నింపిన సీసా 40 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి దాదాపు మూడింతలవుతుంది. గోలీ నొక్కగానే సగం సోడా పొంగి నేలపాలవుతుంది. సీసాకు సన్నటి పగులుంటే పేలి, గాజుపెంకులు కళ్లలోకే ఎగరొచ్చు. పాత సినిమాల్లో రౌడీలు సోడాబుడ్లనే విసురుకునేది ఊరికే కాదు!

సిలిండరుతో ఇంకా జాగ్రత్త. అందులో వాయువు ద్రవరూపంలో ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవలేదు. నిండు సిలిండరులో ఒత్తిడి గబగబా పెరిగిపోతుంది. అంటే మన ఊళ్లలో మండువేసవి రోజు సగం ఆ గీత దాటే గడుస్తుంది. అందుకే సిలిండరును నీడలో, నిలబెట్టి, గొలుసుతో కట్టాలి. రెగ్యులేటరు లేకుండా వాడకూడదు. ఈ వాయువు గాలికన్నా బరువు. తలుపులు మూసిన గదిలో లీకైతే కిందే పేరుకుని ఊపిరాడనివ్వదు.

మీరు చేయాల్సిందల్లా...

* సోడా యంత్రం ఇంట్లో ఉంటే ముందు నీళ్లను ఫ్రిజ్‌లో బాగా చల్లబరచండి. కాచి చల్లార్చిన నీళ్లయితే మరీ మంచిది. నీళ్లలో గాలి తగ్గితే ఈ వాయువు బాగా కరుగుతుంది.

* గ్యాసు ఉత్త నీళ్లకే పట్టండి. నన్నారి పాకం, నిమ్మరసం, పులివెందుల చీనీ రసం... ఏదైనా ముందు గ్లాసులో పోసి, సోడాను పైనుంచి నెమ్మదిగా వంచండి. గరిటెతో గిలక్కొడితే గ్యాసంతా పోతుంది.

* గ్యాసు లీకవుతోందని అనుమానమా? వంటగ్యాసు గొట్టానికి చేసినట్టే సబ్బునురగ రాసి చూడండి.

* ప్లాస్టిక్ సీసాలోంచి వాయువు మెల్లగా బయటికి పోతుంది. నెలల తరబడి నిల్వ పెట్టకండి. గాజుకు ఆ బెడద లేదు.

* అమ్మేవాళ్లు సీసాలను తడిగోనె కప్పి నీడలో ఉంచాలి. తిప్పేటప్పుడు యంత్రం పెట్టె మూత వేయాలి. ఆ పని పిల్లలకు అప్పగించకూడదు.

బండి దగ్గర సోడా అడిగేముందు సీసా మూతి చూడండి. గోలీ పైన బిగిసి ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. మెడలోకి జారిందా... ఆ సోడా అప్పటికే చప్పబడిపోయింది. డబ్బులివ్వకముందే ఇంకోటి అడగండి!