దూరపు కొండలు, దగ్గరి గడపలు

బొమ్మిడిలో నిలిచి చూచినచో శేర్వరాయన్ కొండలు నీలముగా, నునుపుగా కన్పట్టును. ఎక్కి చూచినవారికే అందలి రాళ్లును, ముండ్లును తెలియును. దూరపు కొండలు నునుపని చెప్పిన పెద్దలు ఇట్టి చోటనే యెచ్చటనో కూర్చుండి ఆ మాట పలికిరేమో యని మాకు తోచుచుండును. ఈ సంచికలో మేము వ్రాయబూనిన విషయము కొండలను గూర్చినది కాదు. సామాన్య జ్ఞానపు పోటీలను గూర్చినది. అయినను ఆ సామెత దీనికి చక్కగా అతుకును.

ఇటీవల మన పాఠశాలలో జరిగిన సామాన్య జ్ఞానపు పోటీలో కెనడా దేశమును గూర్చి రెండు ప్రశ్నలు వచ్చినవి. టెన్నిసు క్రీడలో గ్రాండ్ స్లామ్ సింగిల్స్ బిరుదమును గెలిచిన తొలి కెనడా క్రీడాకారిణి యెవరని మొదటి ప్రశ్న. 1908లో వెలువడిన ఒక నవల వలన ప్రసిద్ధికెక్కిన ఆకుపచ్చ కప్పు ఇల్లు ఏ దీవిలో నున్నదని రెండవ ప్రశ్న. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తడుముకొనక "బియాంకా ఆండ్రియెస్కూ, 2019, అమెరికా ఓపెన్" అనియు, "ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి" అనియు చెప్పినది. అందరము చప్పట్లు చరచితిమి.

అంతట సభలో వెనుక కూర్చున్న ఒక విద్యార్థి తాతగారు లేచి, "అమ్మా! బాలవ్యాకరణము వ్రాసిన చిన్నయసూరిగారు ఏ యూరి కళాశాలలో తెలుగు బోధించిరి?" అని యడిగిరి. ఒకరు రాజమహేంద్రవరమనిరి, మరియొకరు విజయవాడ యనిరి. తక్కినవారు మిన్నకుండిరి. "చెన్నపట్నము, ప్రెసిడెన్సీ కళాశాల" అని ఆయనయే చెప్పి కూర్చుండిరి. దాచనేల? ఆ ప్రశ్నకు మేమును వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి.

నాటినుండి మన ఉపాధ్యాయులలోను, తల్లిదండ్రులలోను రెండు పక్షములు బయలుదేరినవి. కెనడా టెన్నిసుతో మనకేమి పని, ఇట్టి చిల్లర ప్రశ్నలను మానివేయుడని యొక పక్షము. పోటీ పరీక్షలలో అడుగునవి ఇవియే గనుక చిన్నయసూరి ఊరితో పనిలేదని రెండవ పక్షము. ఈ రెంటితోను మేము ఏకీభవింపజాలము. చిన్న ప్రశ్న చిన్నతనము కాదు. అది గడప వంటిది. గడపమీద నిలుచుండి పేరు చెప్పి వెనుకకు మరలుటయే లోపము. గడప దాటి లోనికి పోయినచో ఆ యింటివారెవరో, ఏ భాష మాటలాడుదురో, ఎందుండి వచ్చిరో తెలియును. దూరపు ఇంటిలోనికి పోయి చూచినవాడు తన యింటిని గూడ క్రొత్త కన్నులతో చూచును.

ముందుగా ఆ కెనడా ప్రశ్నల గడపనే దాటి చూతము.

ఆండ్రియెస్కూ అను పేరు ఆంగ్లము కాదు, ఫ్రెంచియు కాదు, రొమేనియా దేశపుది. ఆమె తల్లిదండ్రులు అచ్చటినుండి కెనడాకు వలస వచ్చినవారు. ఆమె బాల్యములో కొంతకాలము రొమేనియాలోనే పెరిగి, టెన్నిసు రాకెట్టును తొలుత అచ్చటనే పట్టినది. 2016లో వింబుల్డన్ పురుషుల అంతిమ పోటీ దాక వచ్చిన మిలోస్ రావోనిచ్ మాంటెనీగ్రోలోని పొద్గొరిత్సా నగరమున జన్మించి, పసితనమున కెనడా చేరెను. 2021 అమెరికా ఓపెన్ స్త్రీల అంతిమ పోటీలో ఓడిన లేలా ఫెర్నాండెజ్ మాంట్రియల్‌లో పుట్టినది. ఆమె తండ్రి ఈక్వడార్ దేశీయుడు. ఆమెను గెలిచిన ఎమ్మా రాడుకాను బ్రిటను పక్షమున ఆడినను, పుట్టినది కెనడాలోని టొరాంటో నగరముననే. ఇంత తెలిసిన పిమ్మట ఆ పేళ్లు వట్టి పేళ్లుగా మిగులవు. ఒక దేశపు జెండా క్రింద ఆడువారి పూర్వులు వేరు వేరు దేశములనుండి, వేరు వేరు భాషలతో వచ్చి యుండవచ్చును. అందువలన ఆ జెండాకు కొరత రాదు. 2022లో డేవిస్ కప్పును, 2023లో బిల్లీ జీన్ కింగ్ కప్పును కెనడా గెలిచినది ఇట్టి కుటుంబముల బిడ్డలతోనే గదా!

ఇక సాహిత్య స్థలములు. ఆకుపచ్చ కప్పు ఇంటిని గూర్చి చెప్పిన బాలిక మరియొక కెనడా ఇంటిని గూర్చి వినలేదు. ఆ యిల్లు మన విద్యార్థులకు మరింత దగ్గరిది. మానిటోబా రాష్ట్రమున, విన్నిపెగ్ నగరములోని సెయింట్ బోనిఫేస్ అను పేటలో డెషాంబో వీధి కలదు. అచ్చట 1905లో ఒక ఫ్రెంచి కుటుంబీకుడు కట్టించిన ఇంటిలో 1909లో గాబ్రియెల్ రువా జన్మించినది. చుట్టును ఆంగ్లము, ఇంటిలోను, పేటలోను ఫ్రెంచి. ఆమెకు ఏడేండ్లు వచ్చుసరికి, 1916లో, ఆ రాష్ట్ర ప్రభుత్వము ఫ్రెంచి మాధ్యమపు బోధనను చట్టముచే తొలగించెను. అయినను ఆమె ఇంటి భాషను విడువలేదు, ఆంగ్లమును ద్వేషింపలేదు. రెండు భాషలను నేర్చి, ఉపాధ్యాయినియై బిడ్డలకు చదువు చెప్పెను. తరువాత ఫ్రెంచిలో నవల వ్రాసి 1945లో ప్రకటించెను. 1947లో ఫ్రాన్సు దేశమున ఫెమినా బహుమానము ఆ గ్రంథమునకే లభించెను. 1970లో మానిటోబాలో ఫ్రెంచి మరల బోధనాభాషగా నిలిచెను. 1982 నాటి కెనడా హక్కుల శాసనము అల్పసంఖ్యాక భాషలో బిడ్డలను చదివించుకొను హక్కును తల్లిదండ్రులకు స్పష్టముగా నిచ్చెను. 2003లో ఆమె పుట్టిన ఇల్లు ప్రదర్శనశాలగా తెరువబడెను. మరుసటి యేట వెలువడిన కెనడా ఇరువది డాలర్ల నోటుపై ఆమె వాక్యమును ముద్రించిరి.

ఒక పేటలోని ఒక చిన్న భాషాకుటుంబపు ఇల్లు దేశమంతటికిని చూడదగిన చోటైనది. ఆ యింటిని అట్లు నిలిపినది గోడల గట్టిదనము కాదు. అందులో పుట్టిన బాలిక తన వారి బ్రతుకును తన భాషలో వ్రాయుటయు, ఆమె వ్రాసినదానిని అక్కడివారు తలచుకొనుటయు.

ఇక మన గడపలకు వత్తము. తమిళ దేశమున తెలుగువారికి ఇట్టి ఇండ్లు, ఇట్టి చోట్లు లేవా యని యడిగినచో, ఎన్నియో కలవు. మన బొమ్మిడి స్టేషనులో రైలెక్కి జోలార్‌పేట మీదుగా చెన్నపట్నము పోవువారు ఎన్నడైన తలచిరా? నీతిచంద్రిక 1853లో వెలువడినది ఆ నగరమందే. బ్రౌను దొరగారి తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో అచ్చయినది ఆ నగరమందే. బొంబాయిలో 1908లో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికయై నిలిచినది ఆ నగరమందే. కందుకూరి వీరేశలింగముగారు పుట్టినది రాజమహేంద్రవరమైనను, 1919లో తుదిశ్వాస విడిచినది చెన్నపట్నముననే.

దక్షిణమునకు పోయినచో తంజావూరు. అచ్చట రఘునాథ నాయకుడు తాను తెలుగున కావ్యములు రచించి, చేమకూర వేంకటకవి వంటివారిని పోషించెను. సరస్వతీ మహల్ గ్రంథాలయమున తెలుగు తాళపత్ర గ్రంథములు నేటికిని భద్రముగా నున్నవి. దాపుననున్న తిరువైయారులో త్యాగరాజస్వామి తెలుగు కృతులను ఏటేట వేలకొలది జనులు కూడి పాడుచున్నారు. అదే సీమలోని మెలట్టూరు గ్రామమున నరసింహ జయంతి దినములలో వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములను నేటికిని ఆడుచున్నారు. చూడవచ్చువారిలో పెక్కుమంది ఇంట తమిళము మాటలాడువారే. వారు మన భాషను పరాయిదని త్రోసివేయలేదు. భక్తితో దాచి పెట్టిరి. ఈ సంగతి మన పిల్లలకు తెలియకుండుట న్యాయమా?

మరియొక మాట. బొమ్మిడికి దగ్గరగానున్న సాహిత్య స్థలములలో మిక్కిలి ప్రాచీనమైనది తెలుగుది కాదు, తమిళముది. మన ధర్మపురియే పూర్వము తగడూరు. ఆ సీమనేలిన అదియమాన్, తనకు దీర్ఘాయువు నీయగల ఉసిరికపండును తాను తినక ఔవైయారు కవయిత్రికి ఇచ్చిన కథను తమిళ విద్యార్థి ప్రతివాడును ఎరుగును. అదియమాన్ కోట్టై అను గ్రామము ధర్మపురి దాపుననే కలదు. మన తెలుగు విద్యార్థికిని ఆ కథ తెలియవలెను. పొరుగింటి గడపను గౌరవించుట తెలిసినవాడే తన గడపకు గౌరవము కోరుటకు అర్హుడు. మన తాలూకా పేరునే చూడుడు: పాపిరెడ్డిపట్టి. అందులో రెడ్డి తెలుగు, పట్టి తమిళము. రెండును ఒక్క పేరులో ఇమిడి యున్నవి. ఊరి పేరు చేయగలిగిన పనిని మనుష్యులము చేయలేమా?

టెన్నిసు ప్రశ్నలకును ఇంటి దగ్గర కొదువ లేదు. 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ ఉపాంత్య పోటీలకు చేరిన రామనాథన్ కృష్ణన్ తమిళ దేశీయుడు. 1997లో ఫ్రెంచి ఓపెన్ మిశ్రమ డబుల్స్ గెలిచి, గ్రాండ్ స్లామ్ బిరుదము పొందిన తొలి భారతీయుడైన మహేష్ భూపతి చెన్నపట్నమున జన్మించెను. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2015లో డబుల్స్ క్రీడలో ప్రపంచ ప్రథమ స్థానము నందుకొనెను. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడలలో ఆమెతో కలిసి మిశ్రమ డబుల్స్ స్వర్ణపతకము గెలిచెను. బియాంకాను ఎరిగిన బాలిక సాకేత్‌ను కూడ ఎరుగవలెనని మా కోరిక. ఒకరికి బదులు మరొకరు కాదు, ఇరువురును.

తల్లిదండ్రులారా! మీ మనస్సులోని ప్రశ్న మాకు తెలియును. "ఇవన్నియు మార్కులు తెచ్చునా? తెలుగు మాధ్యమములో చదివినవాడు రేపు ఈ రాష్ట్రములో ఏమగును?" అని మీరు అడుగుదురు. మీ భయము వట్టిది కాదు. 2006 నాటి చట్టము తరువాత ఈ రాష్ట్రమున తమిళము తప్పక నేర్వవలసిన భాషయైనది. మన పిల్లలు తమిళము బాగుగా నేర్వవలెననియే మేము చెప్పుదుము. వీధిలోను, అంగడిలోను, కచేరీలోను అది లేక బ్రతుకు సాగదు. అయితే తమిళము వచ్చుటకు తెలుగు పోవలసిన పని లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్య గరపుటకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము 1956 నుండియు రాష్ట్రములకు చెప్పుచున్నది. చట్టము తలుపు తెరచి యుంచగలదు. బిడ్డను చేయిపట్టి లోనికి తీసికొని పోవలసినది మీరును, మేమును.

బిడ్డ తన భాషను ఎప్పుడు విడుచును? కష్టమైనప్పుడు కాదు. ఆ భాషకు ఈ నేలపై చోటు లేదని, అది తాత మాటలాడు ముసలి మాట మాత్రమేనని తోచినప్పుడు విడుచును. చిన్నయసూరి తమ రాష్ట్ర రాజధానిలో కూర్చుండియే తెలుగునకు వ్యాకరణము వ్రాసెనని తెలిసిన బిడ్డకు అట్లు తోచదు. అందుచేతనే ఈ చిన్న ప్రశ్నలను మేము చిన్నవిగా నెంచుట లేదు.

కావున మేము మూడు పనులను సూచించుచున్నాము. మొదటిది: రాబోవు పోటీలో సగము ప్రశ్నలు లోకమును గూర్చియు, సగము ప్రశ్నలు తమిళ దేశమునందలి తెలుగు, తమిళ సాహిత్య స్థలములను గూర్చియు ఉండవలెను. రెండవది: పేరు చెప్పినంతనే పూర్తి మార్కు నీయక, ఆ పేరును గూర్చి మరియొక వాక్యము చెప్పినవారికే పూర్తి మార్కు నీయవలెను. మూడవది: ప్రతి విద్యార్థియు తన యింటి పెద్దలనడిగి, తమ కుటుంబము ఏ యూరినుండి వచ్చెనో, ఇంట ఏ పాట, ఏ సామెత, ఏ పుస్తకము మిగిలి యున్నదో తెలిసికొని ఒక్క ప్రశ్నగా వ్రాసి తేవలెను. ఆ ప్రశ్నలను మన పత్రికలో అచ్చువేయుటకు మేము సిద్ధముగా నున్నాము.

ఆనాడు సభలో లేచిన తాతగారిని తొలి ప్రశ్నలు కూర్చుటకు మేము ఆహ్వానించితిమి. ఆయన నవ్వి, "కెనడా ప్రశ్నలు మాత్రము ఆ యమ్మాయినే వ్రాయమనుడు, నాకును నేర్చుకొనవలెనని యున్నది" అనిరి. విద్యార్థులారా! ఆ వయస్సున ఆయనకు గల కుతూహలము మీకును అబ్బవలెనని కోరుచున్నాము.