గేర్‌బాక్సు కింద ఆయిల్ చుక్క



పాత కారున్న ఇంటి ముందు గచ్చు మీద నల్లని మరకలు కనిపించడం కొత్త సంగతేమీ కాదు. వాటిని చూసి కొందరు "పాత బండి కదా, కారుతుంది" అని ఊరుకుంటారు. మరికొందరు బెంబేలెత్తి, షెడ్డులో చెప్పినంత డబ్బూ పోసి వస్తారు. మొదటివారికి కొన్నాళ్లకు గేర్‌బాక్సు పోతుంది, రెండోవారికి ఆ రోజే డబ్బు పోతుంది. ఈ రెండు నష్టాలూ తప్పించుకోవడానికి ఇంటి యజమాని చేయగలిగిన పని ఒకటుంది. చుక్క ఎక్కడ పడిందన్నది కాక, ఎక్కడ నుంచి బయలుదేరిందన్నది ముందుగా తెలుసుకోవడమే ఆ పని.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం ఈ నెల మన ముందుంది. ఆయన కారు మారుతి 800. వారానికి మూడుసార్లు భార్యను పక్క పట్టణానికి డయాలసిస్‌కు తీసుకువెళ్లి తెచ్చేది ఆ కారే. ఉదయం లేచేసరికి ముందు చక్రాల మధ్య అరచేయంత మరక కనిపిస్తోందట. ఒక షెడ్డులో గేర్‌బాక్సు మొత్తం మార్చాలన్నారు. మరొకచోట నెలనెలా ఆయిల్ పోసుకుంటే చాలన్నారు. "ఎవరి మాట నమ్మాలి? దారిలో ఆగిపోతే ఆమె గతేమిటి?" అని ఆయన అడిగారు. ఈ ప్రశ్నకు కారు కింద చూడకుండా ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఎలా చూడాలో మాత్రం చెప్పవచ్చును.

మారుతి 800 కార్లు 1983 డిసెంబరు నుంచి రోడ్డెక్కాయి. 2014లో వాటి తయారీ ఆగిపోయింది. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. అలా పొడిగించుకుంటూ నడుపుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఈ కారులో ఇంజను బానెట్ కింద అడ్డంగా ఉంటుంది. దాని పక్కనే గేర్‌బాక్సు. అందులోనుంచే రెండు డ్రైవ్ షాఫ్టులు ముందు చక్రాలకు వెళతాయి. గేర్ల పళ్లు లోపలి ఆయిల్‌లో మునిగి తిరుగుతూ, దానిని పైకి చిమ్ముకుంటూ తమను తాము తడుపుకుంటాయి.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోయి తగ్గవచ్చు. గేర్ ఆయిల్ కాలిపోదు. అది తగ్గిందంటే ఎక్కడో బయటికి పోయిందన్నమాటే. ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. గేర్‌బాక్సుకు అటువంటి దీపం లేదు. గచ్చు మీద పడిన ఆ చుక్కే దాని హెచ్చరిక దీపం. అందుచేత దానిని తుడిచేసే ముందు కాస్త చదవండి.

ఏ ద్రవమో గుర్తుపట్టండి

రాత్రి కారు కింద తెల్లకాగితమో, అట్టముక్కో పరచండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. ఉదయం చూస్తే ఏ ద్రవం, ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. నీళ్లలా రంగూ జిడ్డూ లేకపోతే అది ఏసీ నీరు, దిగులు లేదు. ఆకుపచ్చగానో మరో రంగులోనో ఉండి తియ్యని వాసన వస్తే రేడియేటరులోని కూలెంట్. అది విషం, పిల్లలనూ పశువులనూ దగ్గరకు రానీయకండి. పల్చగా, లేత పసుపుగా, చక్రం లోపలి వైపు కనిపిస్తే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాగైతే కారు కదపనే వద్దు. నల్లగా, కాస్త పల్చగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా, పాకంలా సాగుతూ, గంధకం కలిసిన ఘాటు వాసన వేస్తే గేర్ ఆయిల్. చక్రం లోపల చుట్టూ నల్లని ముద్దలు చిమ్మినట్టుంటే అది ఆయిల్ కాదు. డ్రైవ్ షాఫ్టు చివరి రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటపడుతున్నదన్నమాట.

చోటు పట్టుకోండి

కారు నడుస్తుంటే కారిన ఆయిల్‌ను గాలి వెనక్కి తోస్తుంది. ఆగినప్పుడు అది కిందికి జారి, అన్నిటికంటే పల్లంగా ఉన్న బోల్టు చివర చుక్క కడుతుంది. అందువల్ల చుక్క వేలాడుతున్న చోటే లీకు అనుకోవడం పొరపాటు. ఇంజను పూర్తిగా చల్లారాక డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో గేర్‌బాక్సు బయటి మడ్డి అంతా కడిగించండి. పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. అనుమానమున్న చోట్ల కాస్త టాల్కం పౌడర్ చల్లి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చిలైటుతో చూడండి. తడి కనిపించినవాటిలో అన్నిటికంటే పైనా, అన్నిటికంటే ముందూ ఉన్న తడే అసలు చోటు.

సాధారణంగా తడి కనిపించే చోట్లు ఇవి.

మొదటిది, అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు. వాషరు నలిగిపోయినా, మర సరిగా బిగియకపోయినా కారుతుంది. వాషరు మారిస్తే సరి.

రెండవది, డ్రైవ్ షాఫ్టులు గేర్‌బాక్సులోకి దూరే చోట ఉండే ఆయిల్ సీళ్లు. రబ్బరు పాతబడి గట్టిపడితే కారతాయి. మరేదో రిపేరు కోసం షాఫ్టును మోటుగా లాగినప్పుడు సీలు పెదవి తెగడమూ ఉంది. "ఫలానా పని చేయించాకే కారడం మొదలైంది" అని మీకు గుర్తుంటే ఆ మాట మెకానిక్‌కు తప్పక చెప్పండి.

మూడవది, గేరు మార్చే రాడ్డు లోపలికి పోయే చోటి సీలు, స్పీడోమీటరు కేబుల్ గేరు దగ్గరి రబ్బరు రింగు, రివర్సు లైటు స్విచ్చి. ఇవన్నీ చవక వస్తువులే. గేర్‌బాక్సు దించకుండానే మార్చవచ్చు.

నాలుగవది, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే బెల్ హౌసింగ్ అడుగు భాగం. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇంజను వెనక సీలు కారినా, గేర్‌బాక్సు ముందు సీలు కారినా చుక్క ఇక్కడే పడుతుంది. తేడా చెప్పేది చిక్కదనం, వాసన. దేనికైనా గేర్‌బాక్సు దించవలసిందే. ఆ ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటితే, యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను రొదే తప్ప వేగం పెరగదు.

వీటికి తోడు అందరూ మరచిపోయేది బ్రీదరు. గేర్‌బాక్సు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి, ఈ చిన్న రంధ్రం గుండా బయటికి పోతుంది. అది మట్టితో పూడుకుపోతే ఆ ఒత్తిడికి మంచి సీళ్లు కూడా ఆయిల్ కక్కుతాయి. కొత్త సీలు వేసిన నెలకే మళ్లీ కారితే మొదట దీనినే చూడమనండి. అవసరానికి మించి ఆయిల్ నింపినా ఇదే బాధ.

మట్టం చూసే పద్ధతి

కారు సమతలంగా ఉన్నప్పుడే మట్టం చూడాలి. గేర్‌బాక్సు పక్కన ఫిల్లర్ ప్లగ్గు ఉంటుంది. అది విప్పితే ఆయిల్ రంధ్రం అంచుదాకా ఉండాలి. వేలు పెడితే తగలకపోతే తక్కువైనట్టే. కొత్త ఆయిల్ పోసేటప్పుడు ఆ రంధ్రం నుంచి పొర్లడం మొదలైతే ఆపేయాలి.

ఒక ముఖ్యమైన మాట. పాత ఆయిల్ దింపే ముందు పై ఫిల్లర్ ప్లగ్గు ఊడి వస్తున్నదో లేదో చూసుకోండి. ఏళ్ల తరబడి విప్పని ప్లగ్గు తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు. కింద ఖాళీ చేసేశాక పైది రాకపోతే కారు షెడ్డులోనే కూర్చుంటుంది.

ఏ ఆయిల్ పోయాలో కారు పుస్తకంలో చూడండి. డబ్బా మీద చిక్కదనం అంకెతో పాటు జీఎల్-4, జీఎల్-5 అని కూడా ఉంటుంది. అంకె పెద్దదైతే మంచిదన్న భ్రమ వద్దు. జీఎల్-5 రకాలలో కొన్నింటిలోని గంధకపు రసాయనాలు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులను తినివేయగలవు. పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 మాత్రమే పోయించండి.

రిపేరు ఎలా జరగాలి?

డ్రైవ్ షాఫ్టు సీలు మార్చాలంటే ఆయిల్ దింపి, షాఫ్టును బయటికి తీయాలి. పాత సీలు పీకేటప్పుడు అది కూర్చునే గాడి గీసుకుపోకూడదు. కొత్త సీలు పెదవికి ఆయిల్ రాసి, సరిపడే గొట్టంతో అన్ని వైపులా సమంగా తట్టి దించాలి. సుత్తితో ఒక పక్కనే కొడితే ఒరిగిపోయి మర్నాడే కారుతుంది. సీలు పెదవి రాసుకునే చోట షాఫ్టును గోటితో తడిమి చూడాలి. అక్కడ గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా ఎంతో కాలం ఆగదు. షాఫ్టు మితిమీరి ఊగుతుంటే లోపలి బేరింగు అరిగిందన్నమాట. అప్పుడు తప్పు సీలుది కాదు.

గేర్‌బాక్సు దించవలసి వస్తే అసలు ఖర్చు సీలుది కాదు, దించి ఎక్కించే కూలిది. కాబట్టి అదే కూలిలో ఇంజను వెనక సీలు, గేర్‌బాక్సు ముందు సీలు, క్లచ్ ప్లేటు మూడూ చూడమని ముందే మాట్లాడుకోండి. మార్చిన పాత సామాను మీకు చూపమనండి. మంచి మేస్త్రీ దానికి కోపగించుకోడు.

గేర్‌బాక్సే మార్చాలంటే కారణముండాలి. పెట్టె పగిలి ఉండాలి, లేదా గేర్లు జారిపోవడం, బేరింగు గోల పెట్టడం, దింపిన ఆయిల్‌లో లోహపు రవ్వలు కనిపించడం వంటి గుర్తులుండాలి. ఇవేవీ లేకుండా కేవలం కారుతున్నదని పెట్టె మార్చమంటే మరొకరి చేత చూపించుకోండి. అలాగని లీకును మూయడానికి పైన ఎంసీల్ వంటి ముద్దలు పులమడం, సీసాలో దొరికే లీకు మందులు పోయడం కూడా వైద్యం కాదు. ఆయిల్ తడి మీద ముద్ద అంటుకోదు. మందు రబ్బరును కొన్నాళ్లు ఉబ్బిస్తుందేమో గాని, తెగిన పెదవిని అతికించలేదు.

నడపవచ్చా, మానాలా?

ఉపాధ్యాయుని ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పుకోవచ్చు. తడి పొర మాత్రమే ఉండి, కింద చుక్క పడకపోతే నెలకొకసారి మట్టం చూసుకుంటూ నడపవచ్చు. రాత్రికి నాలుగైదు చుక్కలు పడితే వెంటనే మట్టం నింపించి, వారం వారం చూసుకుంటూ, త్వరలో ఒక రోజు కుదుర్చుకుని రిపేరు చేయించాలి. ఆయన రాసినట్టు అరచేయంత మరక రోజూ పడుతుంటే వాయిదా పనికిరాదు. డయాలసిస్ లేని రోజు చూసి కారు షెడ్డుకు పంపాలి. పని ఆలస్యమైతే మర్నాటి ప్రయాణానికి ఆటోనో, బంధువుల బండినో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి. నడుస్తుంటే ఈల వంటి కూత, మూలుగు వినిపించినా, గేర్లు పడడం కష్టమైనా ఇక ఒక్క కిలోమీటరు కూడా వద్దు. ఆయిల్ లేని బేరింగు వేడెక్కి పట్టేస్తే ముందు చక్రాలు నడిరోడ్డు మీద బిగుసుకుపోవచ్చు.

అంబాసిడర్, పద్మిని వంటి కార్లలో గేర్‌బాక్సు ఇంజను వెనక నిలువుగా ఉంటుంది. శక్తి పొడవైన షాఫ్టు ద్వారా వెనక చక్రాలకు పోతుంది. వాటిలో గేర్‌బాక్సు వెనక చివరి సీలునూ, వెనక డిఫరెన్షియల్‌నూ విడివిడిగా చూడాలి. రెండింటి ఆయిల్ వేరు వేరు. ఆటోమేటిక్ గేర్లున్న పాత కార్లలో చాలావాటికి ఎర్రని పల్చని ద్రవం వాడతారు. పవర్ స్టీరింగులో కూడా అటువంటిదే ఉండవచ్చు గనుక తొందరపడకండి. దాని మట్టం చూసే పద్ధతి కారుకు కారుకు మారుతుంది. పుస్తకం చెప్పినట్టే చూడాలి.

చివరిగా, కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరవద్దు. ఇటుకలు కూడా నమ్మదగినవి కావు, బరువుకు చిట్లిపోతాయి. చక్రాలకు అడ్డు పెట్టి, ఇనుప స్టాండ్ల మీద గాని, షెడ్డులోని గుంట మీద గాని మాత్రమే పని జరగాలి. దింపిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి. డబ్బాలో పట్టి షెడ్డులో అప్పగించండి. సీలు మార్చిన తేదీ, కిలోమీటర్ల అంకె, పోసిన ఆయిల్ రకం ఒక చిన్న పుస్తకంలో రాసి కారులోనే ఉంచండి. రేపు మీ అబ్బాయో, అమ్మాయో ఆ కారు తీసుకుని మరో ఊరి మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆ నాలుగు వరుసలు వారికి ఎంతో డబ్బు మిగిలిస్తాయి.