రేడియో మనదే.. లోపలి సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో?

ఆండ్రాయిడ్ ఫోన్ ఏ కంపెనీదైనా అందులో వాట్సాప్ నడుస్తుంది. సైన్యం వాడే రేడియో సెట్ల సంగతి అలా కాదు. ఒక కంపెనీ సెట్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ చాలాసార్లు మరో కంపెనీ సెట్‌లో పనికిరాదు. ఈ చిక్కు విప్పడానికే 2025 అక్టోబరులో డీఆర్‌డీవో, త్రివిధ దళాలు కలిసి ‘ఇండియన్ రేడియో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్’ 1.0 ప్రమాణాన్ని విడుదల చేశాయి.

ఇంతకీ ఏమిటిది? పాత రేడియోలో మాటను సిగ్నల్‌గా మార్చే పని సర్క్యూట్లదే. పద్ధతి మారాలంటే సెట్టే మార్చాలి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో ఆ పనిలో చాలా భాగం ‘వేవ్‌ఫామ్’ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. కొత్త పద్ధతి కావాలంటే ప్రోగ్రామ్ మారిస్తే సరిపోతుంది.

కానీ ఆ ప్రోగ్రామ్‌ను ఒకే చిప్‌కు కట్టేసి రాస్తే లాభమేముంది? సెట్ పాతబడిన రోజున అంతా మళ్లీ మొదటి నుంచి రాయాలి. ధర ఎంత చెప్పినా అదే కంపెనీ గడప తొక్కాలి. అందుకే మధ్యలో ఒక పొర పెడతారు. ‘ఈ ఫ్రీక్వెన్సీకి మారు’, ‘ఈ సిగ్నల్ పంపు’ అని వేవ్‌ఫామ్ ఆ పొరకు చెబుతుంది. లోపల ఏ చిప్ ఉందో చూసుకునే బాధ్యత పొరదే.

వినడానికి సులువే, చేయడమే కష్టం. అమెరికా 1997లో ఇదే ఆశతో ‘జాయింట్ టాక్టికల్ రేడియో సిస్టమ్’ మొదలుపెట్టింది. వందల కోట్ల డాలర్లు పోశాక, అందులో సైనిక వాహనాల కోసం చేస్తున్న రేడియోను 2011లో రద్దు చేసుకుంది. ఒకే సెట్ అన్ని పనులూ చేయాలన్న అత్యాశ ఖర్చును, ఆలస్యాన్ని పెంచింది. ఆ ప్రాజెక్టు కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ ప్రమాణం మాత్రం నిలిచింది. మొదట్లో అది తప్పనిసరి చేసిన ‘కోర్బా’ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ చిన్న సెట్లకు బరువైంది. తర్వాతి వెర్షన్లలో ఆ షరతు తీసేశారు.

మరో ఇబ్బందీ ఉంది. మామూలు ప్రాసెసర్ మీద నడిచే కోడ్‌ను మరో సెట్‌కు మార్చడం కొంత తేలిక. అతివేగంగా జరగాల్సిన లెక్కలు ఎఫ్‌పీజీఏ చిప్‌లో ఉంటాయి. చిప్ తయారీదారు మారితే ఆ భాగాన్ని మళ్లీ సరిచూడక తప్పదు.

కాబట్టి మన ప్రమాణానికి అసలు పరీక్ష కాగితం మీద కాదు. రెండు వేర్వేరు కంపెనీల సెట్లలో ఒకే వేవ్‌ఫామ్ ఎక్కాలి, ఆ సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది సెట్లు అమ్మే కంపెనీ కాకూడదు. అప్పుడే సెట్ తయారుచేయలేని చిన్న సంస్థలు కూడా వేవ్‌ఫామ్ రాసి పోటీకి రాగలవు.

ఇందులో మన ఇళ్లలో ఇంజినీరింగ్ చదివే పిల్లలకూ దారి ఉంది. 2001లో మొదలైన గ్నూ రేడియో ఉచితమే. టీవీ సిగ్నల్ కోసం చేసిన చవక యూఎస్‌బీ డాంగిల్‌తో వినడం నేర్చుకోవచ్చు. సోపీఎస్‌డీఆర్ లాంటి లైబ్రరీ పెట్టుకుంటే అదే ప్రోగ్రామ్‌ను వేరే పరికరంపైనా నడిపి చూడొచ్చు. సిగ్నల్ పంపాలంటే మాత్రం ముందు లైసెన్సు నిబంధనలు తెలుసుకోవాలి. చిప్ పేరు చూడకుండా కోడ్ రాసే అలవాటు చదువుకునే రోజుల్లోనే పడితే, రేపు ఆ ప్రమాణాన్ని నిలబెట్టేది వాళ్లే.