రోగి దిండు క్రింద పిస్తోలు

వైద్యశాలలో చేరిన మనుష్యుడు మొట్టమొదట విడువవలసినవి తన వస్త్రములు. జేబులు లేని పలుచని అంగీ తొడిగి, మణికట్టున పేరు వ్రాసిన పట్టీ కట్టి, మంచముపై పరుండబెట్టుదురు. నాటినుండి వైద్యునికి, నర్సుకు, పక్కదుప్పట్లు మార్చువారికి అతని దేహమున మరుగైన దేదియు నుండదు. అట్టివాడు వారముల తరబడి ఎవరికిని కనబడకుండ ఒక పిస్తోలును తనయొద్ద దాచుకొనవచ్చునా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇది వినోదమునకు వేసిన ప్రశ్న కాదు. న్యాయస్థానముల మెట్లెక్కిన వివాదము.

మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. అక్కడ అది రాజ్యాంగపు హక్కు. 1791 లో చేరిన రెండవ సవరణ దానికి మూలము. 2008 లో హెల్లర్ వ్యాజ్యమున అక్కడి సుప్రీంకోర్టు ఆ హక్కు వ్యక్తికి చెందినదని నిర్ణయించుచు, పాఠశాలలు, ప్రభుత్వ భవనములు వంటి సున్నిత స్థలములలోని నిషేధములను మాత్రము తప్పుపట్టలేదు. 2022 జూన్‌లో బ్రూయెన్ వ్యాజ్యమున మరి యొక యడుగు ముందుకు వేసినది. ఇంటి వెలుపల ఆయుధము ధరించుటయు హక్కేననియు, కాదను ప్రభుత్వము తన నిషేధమునకు దేశచరిత్రలో పూర్వాచారము చూపవలెననియు తీర్పు చెప్పినది.

మరి వైద్యశాల సున్నిత స్థలమా? న్యూయార్కు రాష్ట్రము 2022 లోను, కాలిఫోర్నియా 2023 లోను అవునని శాసించినవి. 2024 సెప్టెంబరులో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము కాలిఫోర్నియా చట్టమున వైద్యశాలలకు సంబంధించిన భాగమును అమలు కానీయలేదు. అట్టి నిషేధమునకు పూర్వాచారము కానరాదని దాని తర్కము.

ఫ్రాంక్లిన్ చేయూతతో ఫిలడెల్ఫియాలో వైద్యశాల వెలసినది 1751 లో; నిజమే. కాని ఈథరు మత్తునిచ్చి చేసిన శస్త్రచికిత్స బహిరంగముగా ప్రదర్శింపబడి పేరు పొందినది 1846 లో. గంటలకొలది స్పృహలేక పడియుండు రోగిని ఆ పాత శాసనకర్త లెరుగరు. ఎరుగనివారి మౌనమును సమ్మతిగా గ్రహించుట పొసగదు.

అయినను ఆయుధము విడువనొల్లని రోగి భయమును హేళన చేయరాదు. 2022 జూన్ 1 న టల్సా నగరమున, వెన్ను శస్త్రచికిత్స తరువాత నొప్పి తగ్గలేదని కక్షగట్టిన రోగి ఒకడు ఆ శస్త్రవైద్యుని, మరి ముగ్గురిని కాల్చి చంపెను. అదే ఏట అక్టోబరులో డల్లాసులోని ఒక ప్రసూతి విభాగమున ఇద్దరు ఉద్యోగులు హతులైరి. 2014 లో పెన్సిల్వేనియాలోని డార్బీలో ఒక రోగి ఉద్యోగినిని చంపి మనోవైద్యునిపై కాల్పులు జరుపగా, ఆ వైద్యుడు తనయొద్ద నున్న పిస్తోలుతో వానిని పడగొట్టెను. వైద్యశాల నియమము ప్రకారము ఆయనయొద్ద ఆయుధ ముండరాదు. ఆయన అనేకుల ప్రాణములు కాపాడెనని పోలీసులే చెప్పిరి. ఈ సంగతిని దాటవేసి నిషేధమును సమర్థించువారు సగము సత్యమే చెప్పుచున్నారు.

కాని ఆ వైద్యుడు మేలుకొని, తెలివితో నున్నవాడు. మంచము పట్టిన వాని సంగతి వేరు. నొప్పి మందులు మగత కలిగించును. వృద్ధులకు రాత్రివేళ మతి చెదరి, నర్సు శత్రువువలె తోచుట వైద్యు లెరిగినదే. శస్త్రచికిత్సకు కొనిపోయినపుడు దిండు క్రింది పిస్తోలు ఎవరి అధీనమున నుండును? 2023 లో అమెరికాలోనే ఒక మహిళ పిస్తోలు దాచుకొని ఎం.ఆర్.ఐ. గదికి పోయెను. ఆయుధమున్నదా అని ముందే అడుగగా లేదనెను. అయస్కాంతము లాగగా పిస్తోలు పేలి, గుండు ఆమెకే తగిలెను.

2000 నుండి 2011 వరకు వైద్యశాలలలో జరిగిన 154 కాల్పుల ఘటనలను జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు పరిశీలించిరి. అత్యవసర విభాగములలోని కాల్పులలో నూటికి 23 వంతున దుండగుడు వాడినది కావలివానినుండి లాగికొన్న తుపాకియే. శిక్షణ పొందినవాని నడుముననే నిలువని ఆయుధము, సెలైను గొట్టముతో కట్టుపడినవాని దిండు క్రింద నిలుచునా? ఆ మంచములచుట్టు రాత్రి తిరుగు వైద్యులలో, నర్సులలో తెలుగు బిడ్డలును కలరు.

న్యాయస్థానము లేమి చెప్పినను, ప్రైవేటు వైద్యశాల తన గడప లోపలికి ఆయుధము తేవలదని చెప్పవచ్చును. టెక్సాసులో అట్టి పలకపై అక్షరములు అంగుళమునకు తగ్గక, ఇంగ్లీషు, స్పానిష్ భాషలలో ఉండవలెనని చట్టము కొలిచి చెప్పినది. కొన్నిచోట్ల రోగి తెచ్చిన పిస్తోలును కావలివారు తీసికొని ఇనుపపెట్టెలో భద్రపరచి, ఇంటికి పోవునాడు తిరిగి ఇత్తురు. ఇదియే మేలు. అయితే అట్లు తీసికొన్న వైద్యశాల, వాకిట లోహశోధక యంత్రమును, అంతస్తునకొక రాత్రి కావలిని కూడ తన ఖర్చులో వ్రాసికొనవలసియున్నది.