చివరి తీత లాభమా? వచ్చే ఏటి అప్పా?

పత్తి పండించే ప్రతి రైతుకూ డిసెంబరు మాసంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. రెండు మూడు తీతలు పూర్తయినవి. చేనులో ఇంకా కొంత కాయ ఉన్నది, బావిలో కొంత నీరు ఉన్నది. మరి రెండు తడులిచ్చి, ఒక బస్తా యూరియా వేస్తే ఫిబ్రవరి, మార్చి నెలల వరకు చేను నిలుస్తుంది. ఇంకొంత పత్తి చేతికి వస్తుంది. చేనును ఉంచవలెనా, తీసివేయవలెనా? ఈ ప్రశ్నకు సమాధానం గులాబీ రంగు పురుగు జీవిత విధానంలో ఉన్నది. రైతు అప్పుల లెక్కతో దానికి దగ్గరి సంబంధం కూడా ఉన్నది. అందుచేతనే ఈ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

ఈ పురుగు మనకు కొత్తది కాదు. గుజరాత్‌లోని భరూచ్ పత్తి చేల నుంచి పంపిన నమూనాలను పరిశీలించి, సాండర్స్ అనే శాస్త్రజ్ఞుడు 1843లోనే దీనిని వర్ణించాడు. 2002లో బీటీ పత్తి మన దేశంలో ప్రవేశించినది. 2006లో రెండు జన్యువులు గల బోల్‌గార్డ్-2 వచ్చినది. కొన్నేళ్ళపాటు రైతులు ఈ పురుగును దాదాపు మరచిపోయారు. కాని మొదటి జన్యువును అది తట్టుకొంటున్నదని 2010లో గుజరాత్ నుంచి వార్త వెలువడినది. తరువాత కొద్ది సంవత్సరాలకే రెండవ జన్యువు కూడా లొంగిపోయినది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ పత్తి చేలు, 2021లో పంజాబులోని భటిండా, మాన్సా జిల్లాల చేలు తీవ్రంగా దెబ్బతిన్నవి.

శనగపచ్చ పురుగు కంటె గులాబీ రంగు పురుగే ముందుగా బీటీని ఎందుకు జయించినది? కారణం వాటి ఆహారంలో ఉన్నది. శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప, టమాటా వంటి అనేక పంటలపై బతుకుతుంది. ఆ పంటలలో బీటీ విషం లేదు. అక్కడ పెరిగిన పురుగులకు తట్టుకొనే శక్తి ఉండదు. అవి పత్తి చేలలో మిగిలిన గట్టి పురుగులతో జతకట్టినప్పుడు సంతానంలో ఆ గట్టిదనం పలుచబడుతుంది. గులాబీ రంగు పురుగుకు ప్రధానాహారం పత్తి ఒక్కటే. ఊరంతా బీటీ పత్తి అయినప్పుడు దానికి వేరే ఆశ్రయం లేదు. విషానికి చావక మిగిలినవి మిగిలినవాటితోనే జతకట్టి, తరతరానికీ గట్టిపడినవి.

అయితే ఆ బలంలోనే దాని బలహీనత కూడా ఉన్నది. పత్తి ఒక్కటే ఆహారమైన పురుగుకు పత్తి లేని నాలుగైదు నెలలు కరువు కాలమే. ఆ కరువును దాటడానికి ప్రకృతి దానికొక ఉపాయమిచ్చినది. పంట చివరి దశలో, పగటి కాలం తగ్గి చలి పెరిగినప్పుడు, ఎదిగిన పురుగు రెండు గింజలను పట్టుదారంతో జతచేసుకొని వాటి నడుమ నిద్రావస్థలోకి జారుకొంటుంది. ఎండిన కాయలో, గింజలో, నేలమీది చెత్తలో నెలల తరబడి అట్లే ఉండి, అదను చూసుకొని రెక్కల పురుగుగా బయటికి వస్తుంది. వచ్చే ఏటి పంటను ఆశించే పురుగులలో ఎక్కువ భాగం ఈ విధంగా దాటివచ్చినవే. మనం ఫిబ్రవరి, మార్చి వరకు నిలిపిన చేను ఈ విధంగా వాటికి గాదెవలె ఉపయోగపడుతున్నది.

ఇప్పుడు లెక్క చూడండి. విత్తనం, దుక్కి, ఎరువుల ఖర్చు ఎప్పుడో అయిపోయినది కనుక చివరి తీతలో వచ్చినదంతా లాభమేనని రైతు భావిస్తాడు. ఆ భావనలో న్యాయం లేకపోలేదు. చేతిలో డబ్బు లేని వేళ నిలిచి ఉన్న కాయను దున్నివేయమనడం సులభం కాదు. కాని ఆ తీతలో వచ్చే పత్తిలో పురుగు తిన్న గుడ్డిపత్తి ఎక్కువ. రంగు చెడి, పింజ బలహీనపడి, ధర తగ్గుతుంది. దాని అసలు ఖర్చు ఈ ఏటి పద్దులో కనబడదు. వచ్చే ఏడు మందుల పద్దులో, తగ్గిన దిగుబడిలో కనబడుతుంది. పైగా ఆ ఖర్చు చేను నిలిపినవాడు ఒక్కడే భరించడు. పురుగు గట్టు దాటి పొరుగువారి చేనుకు పోతుంది. నా దృష్టిలో చివరి తీత వచ్చే పంటమీద తెచ్చుకొనే అప్పు. దానికి వడ్డీ ఊరంతా చెల్లిస్తుంది.

మందులు చల్లి ఆ వడ్డీని తప్పించుకోవచ్చునని కొందరి ఆలోచన. గుడ్డునుంచి వెలువడిన పురుగు త్వరలోనే మొగ్గలోకో, కాయలోకో దూరుతుంది. దూరిన రంధ్రం పూడిపోతుంది. లోపలికి వెళ్ళిన పురుగును పైన చల్లిన మందు చేరదు. తొందరపడి సింథటిక్ పైరిత్రాయిడ్లు చల్లితే మిత్రకీటకాలు నశించి తెల్లదోమ ఉద్ధృతమవుతుంది. మనుషుల ప్రాణాల మాట సరేసరి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందులు చల్లుతూ విషప్రభావానికి గురై 20 మందికి పైగా మరణించారు.

సమష్టిగా పూనుకొంటే ఈ పురుగును అదుపుచేయడం సాధ్యమే. అమెరికా పత్తి చేలలో దీనిని నిర్మూలించినట్లు ఆ దేశ వ్యవసాయ శాఖ 2018 అక్టోబరులో ప్రకటించినది. వారు బీటీ పత్తితోపాటు, సంతానశక్తి లేకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల ద్వారా వదలడం, లింగాకర్షకాలతో జతకూడకుండా చేయడం, పంట కాగానే మోళ్ళను దున్నివేయడం వంటి పనులన్నీ కలిపి చేశారు. విమానాలు మన చేతిలో లేవు. దుక్కి మన చేతిలోనే ఉన్నది.

కనుక రైతు సోదరులకు నా మనవి ఇది. డిసెంబరుతో పత్తిని ముగించండి. ఇటీవల మందు చల్లని చేలలో గొర్రెలను, మేకలను వదలి మిగిలిన కాయలను మేపండి. పత్తి కట్టెను గట్లమీద, ఇళ్ళ వద్ద వేసవి అంతా కుప్ప వేయక, ముక్కలు చేసి నేలలో కలపండి. వేసవి దుక్కి లోతుగా దున్నండి. తొలకరికి ముందే విత్తవద్దు. పూత లేని కాలంలో వెలువడిన రెక్కల పురుగు గుడ్లు పెట్టే చోటు లేక వృథాగా నశిస్తుంది. ఎకరాకు 2 లింగాకర్షక బుట్టలు పెట్టండి. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినా, కోసి చూసిన 20 పచ్చికాయలలో రెండింట సజీవ పురుగు కనబడినా, మందు గురించి అప్పుడు ఆలోచించండి. ముడుచుకొన్న గుడ్డిపూలను ఏరి నాశనం చేయండి.

విత్తన, పురుగుమందుల వ్యాపార మిత్రులకు ఒక మాట. ఒకప్పుడు 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం వేరే పొట్లంలో వచ్చేది. చాలాచోట్ల దానిని విత్తనే లేదు. ఆ పొట్లం ఎందుకో దుకాణంలో ఎవరైనా వివరించి ఉంటే, కొంతయినా మేలు జరిగి ఉండేది. మీరు అరువిచ్చిన ప్రతి మందు డబ్బా సొమ్ము పంటనుంచే రావలెను. పంట పోతే బాకీ రాదు. అవసరం లేని మందును వద్దని చెప్పిన వ్యాపారి తన పద్దును తానే కాపాడుకొన్నవాడు.

చివరగా, బ్యాంకుల బాధ్యత కూడా చిన్నది కాదు. చేను తీసివేయమని చెప్పి, యాసంగి పంటకు రుణం ఆలస్యం చేస్తే రైతు పత్తిని ఉంచక ఏం చేస్తాడు? శనగ, పెసర, మొక్కజొన్న వంటి రెండవ పంటకు సొమ్ము డిసెంబరులోనే అందవలెను. మంచి ధర కొరకు వేచి ఉండదలచినవారికి గిడ్డంగి రశీదుపై రుణ సదుపాయం ఉన్నదని శాఖలు చెప్పవలెను. కట్టె ముక్కలు చేసే యంత్రాన్ని ఊరి సంఘం కొనదలచితే ఆ దరఖాస్తుకు ప్రాధాన్యం ఇవ్వవలెను. ఒక్క రైతు చేను దున్నితే పురుగు పక్క చేనులో బతుకుతుంది. ఊరు ఊరంతా ఒకే వారంలో దున్నితే దానికి బతుకు లేదు. ఈ డిసెంబరులో మీ గ్రామసభలో ఈ విషయాన్ని మొదటి అంశంగా చేర్చండి. మీ శాఖాధికారిని ఆ సభకు పిలవండి.