మూడవ బిందువు సాక్షి

ఇటీవల హోసూరులో మా పొరుగింటి కుర్రవాడు తొమ్మిదవ తరగతి లెక్కల పుస్తకం పట్టుకొని వచ్చాడు. 2ఎక్స్ + 3వై = 7 అనే సమీకరణానికి రేఖాచిత్రం గీయాలి. ఎక్స్‌కు 0 వేస్తే వై 7/3 వచ్చింది. 1 వేస్తే 5/3. వైకి 0 వేస్తే ఎక్స్ 7/2. భిన్నాలను కంటి అంచనాతో గడులలో పెట్టాడు. మూడు బిందువులూ ఒక గీతపైకి రాలేదు. తనకు లెక్కలు రావని తీర్మానించుకొన్నాడు.

నేను న్యాయవాదిని, లెక్కల పంతులును కాను. అయినా అడిగాను: వై పూర్ణసంఖ్య కావాలంటే ఎక్స్ ఎంత కావాలి?

"పూర్ణసంఖ్య అంటే ముక్కలు కాని లెక్కా?" అన్నాడు. 'ఇంటీజర్' అనే మాట వాడికి కంఠస్థమే. దానితో ఏమి చేయవచ్చునో తెలియదు. అయిదవ తరగతి వరకు తెలుగులో చదివి, ఆపైన ఆంగ్ల మాధ్యమానికి మారినవాడు.

7లో 2ఎక్స్ పోగా మిగిలినది మూడుతో నిశ్శేషంగా భాగింపబడాలి. ఎక్స్ 2 అయితే మిగిలేది 3, వై 1. (2, 1) దొరికింది. ఇక వెతకనక్కరలేదు. ఎక్స్‌ను 3 పెంచి వైని 2 తగ్గిస్తే, ఒక పక్క ఆరు పెరిగి మరొక పక్క ఆరు తగ్గుతుంది, మొత్తం మారదు. కనుక (5, -1). వెనుకకు నడిస్తే (-1, 3). గీతకు రెండు బిందువులు చాలును, మూడవది సాక్షి. మా వృత్తిలో సాక్షులు తిరగబడతారు గాని, ఇక్కడ సాక్షి గీత తప్పితే తప్పు మనదే.

"సున్నా వెయ్యకుంటే మార్కులిస్తారా మామా?"

ఈ ప్రశ్నే నన్ను కలవరపెట్టింది. రాజ్యాంగం 350ఎ అధికరణం మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే చెప్పింది. రెండు చలరాశుల సమీకరణం వచ్చేసరికి ఆ నీడ దాటిపోతుంది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పదకొండవ శతాబ్దంలోనే తెలుగు చేసిన జాతి మనది. సరిహద్దులలోని మన ఉన్నత పాఠశాలలలో ఏ మాధ్యమమైనా సరే, పరిభాషకు పక్కన తెలుగు మాట ఒకటి ఉండాలని అడగడం అత్యాశ కాదు.

వెళ్ళేటప్పుడు 4ఎక్స్ + 6వై = 7 ఇచ్చి పంపాను. రెండు రోజులకు వచ్చాడు. ఎడమ పక్క ఎప్పుడూ సరిసంఖ్యే గనుక పూర్ణసంఖ్యల జంట దొరకదన్నాడు. నాలుగు గడులను ఒకటిగా లెక్కించి, వైకి 1, 0, -1 వేసి, మూడు బిందువులనూ గడుల మూలలలోనే పెట్టి గీత గీసి తెచ్చాడు.