కోడికూర కోసమని వెళ్తే...

ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్ దాటి బండి ముందుకు పోవాలంటే కాస్త ఓపిక ఉండాలి. శ్రావణమాసంలో మాత్రం ఆ రద్దీ కొంచెం తగ్గుతుంది. మా ఇంట్లోనూ అంతే. నెల్లాళ్లూ అమ్మ నీసు ముట్టదు. సరిగ్గా అలాంటి ఆదివారమే నాకు అంకాపూర్ వెళ్లాలనిపించింది. దేనికంటారా? నాటుకోడి కూరకి!

"కూర కోసం నూట ఎనభై కిలోమీటర్లా?" అంది అమ్మ. అంటూనే అందరికంటే ముందు కార్లో కూర్చుంది.

మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి దాటి ఆర్మూరు చేరాం. అక్కణ్నించి నిజామాబాద్ రోడ్డు పట్టుకుంటే కొద్ది దూరంలోనే అంకాపూర్. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా 'అంకాపూర్ చికెన్' అని బోర్డులు కనిపిస్తాయి కదా, ఆ ఊరే ఇది. కారు దిగగానే మా పాప నిలదీసింది. "పల్లెటూరన్నావు కదా నాన్నా, ఇన్ని మేడలున్నాయేంటి?"

తప్పు పాపది కాదు. పల్లెటూరంటే పెంకుటిల్లు, ఎడ్లబండి, రచ్చబండ అని దారి పొడవునా చెప్పింది నేనే. ఇక్కడ చూస్తే డాబాలు, విత్తనాల గోదాములు, గింజల్ని శుభ్రం చేసి బస్తాలకెత్తే యూనిట్లు, లోడు కోసం ఆగిన లారీలు. పేరుకే పల్లె!

కోడికి ఆర్డరిచ్చాం. వండటానికి గంట పైనే పడుతుందన్నారు. మసాలా వాసనకి అమ్మ అక్కడ ఉండలేక, రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే చోటికెళ్లి పీట వేసుకుని కూర్చుంది. వెనకాలే మేమూ వెళ్లాం. నిప్పుల మీద కంకులు తిప్పుతున్న ఆవిడకి యాభై ఏళ్లు దాటి ఉంటాయి.

"నాలుగు తీసుకుంటాం. ధర కాస్త చూసి చెప్పక్కా" అన్నాను, మన మార్కెట్ అలవాటు కొద్దీ.

ఆవిడ నవ్వింది. "నీకు తోచినంత ఇయ్యి తమ్మీ. గానీ, కోడికి గూడ గిట్లనే బేరం జేసినవా?"

జేబులోకి పోయిన చెయ్యి అక్కడే ఆగింది. నిజమే, చెయ్యలేదు. అక్కడ ఎంత చెబితే అంతకి తలూపి వచ్చాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆవిడ అడిగినంతా ఇచ్చి నోరు మూసుకున్నాను.

మాటలు అమ్మే కలిపింది. "మీ చేలోవేనా?"

"మా చేన్లయే అక్కా. పసుపుల వెట్టినం."

పసుపులో మొక్కజొన్నా? మాకు అర్థం కాలేదు. ఆ మాట విని పక్కనే మోపెడ్ మీద కంకుల మూట దించుతున్న ఆవిడ భర్త, "దగ్గరనే ఉన్నది, సూస్తరా?" అన్నాడు. కోడి ఉడికేలోపు చేను చూసి వద్దామని బయల్దేరాం.

మోకాలెత్తు పసుపు, దాని మధ్య మనిషెత్తు మొక్కజొన్న. ఆయన చెబుతుంటే ఆ పొలం వెనక ఉన్న లెక్క తెలిసింది. జూన్‌లో పసుపు పెడతారు. ఎకరానికి విత్తన పసుపే 8 నుంచి 10 క్వింటాళ్లు కావాలి. అది చేతికి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు. అన్నాళ్లూ పెట్టుబడే తప్ప పైసా రాదు. అందుకే మధ్యలో మొక్కజొన్న. లేత పసుపు మొక్కకి నీడనిస్తుంది, రెండున్నర నెలల్లో పచ్చి కంకులై డబ్బు తెస్తుంది. కలుపు తీసే కూలీలకీ ఎరువులకీ ఆ డబ్బే ఆసరా. నేను బేరమాడింది పసుపు చేను కూలి డబ్బుతోనన్నమాట!

సంక్రాంతి దాటాక ఆకు కోసి, దుంపలు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో రెండు వారాల దాకా ఎండబెడతారు. తర్వాత పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకి తీసుకెళ్తారు. అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే మిగిలేది దాదాపు ఒక్క క్వింటాలు.

"తొమ్మిది నెలలు... బిడ్డను మోసినట్టే" అంది అమ్మ.

"మోసుడు మా చేతిల ఉన్నదమ్మా. ధర మా చేతిల లేదు" అన్నాడాయన.

ఆ ఒక్క మాట వెనక ఈ ప్రాంతపు కథంతా ఉంది. 2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయా? పసుపుకి బోర్డు కావాలని, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర కావాలని నిజామాబాద్‌లో రైతులే నామినేషన్లు వేశారు. బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. గెలవడానికి కాదు, దేశం తమవైపు ఓసారి చూడటానికి. చివరికి జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయాన్ని అదే ఏడాది జూన్ 29న ప్రారంభించారు.

"బోర్డొచ్చింది, సంతోషమే. ధర గూడ రావాలె గద" అన్నాడాయన.

ఎర్రజొన్నదీ అలాంటి కథే. చలికాలంలో ఇక్కడ వేసే ఆ జొన్న మనం తినడానికి కాదు. ఉత్తరాది రాష్ట్రాల్లో పశువుల మేత పెంచడానికి విత్తనంగా పోతుంది. 2008లో వ్యాపారుల నుంచి రావాల్సిన బకాయిల కోసం రైతులు ఆర్మూరులో రోడ్డెక్కారు. ఆ సొమ్ము కోసం 2014 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇన్ని దెబ్బలు తిన్న నేలలో ఈ మేడలెలా లేచాయి? ఒకే పంటను నమ్ముకోకపోవడం వల్ల. పసుపు, మొక్కజొన్న, కూరగాయలు, వాటికి తోడు విత్తనాల సాగు. హైబ్రిడ్ విత్తనం పండించాలంటే ఆడ వరుసలు, మగ వరుసలు విడివిడిగా వేయాలి. పక్క చేలో అదే పంట వేరే రకం ఉంటే పుప్పొడి కలిసి విత్తనం చెడిపోతుంది. కాబట్టి ఎవరు ఏది వేస్తున్నారో ఇరుగుపొరుగు రైతులు ముందే మాట్లాడుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు టైమింగ్ మీదే ఇంతవరకూ ఏకాభిప్రాయం కుదరలేదు!

మనం పల్లెకి అమాయకత్వం చూద్దామని వెళ్తాం. అక్కడ మనకంటే లెక్క బాగా తెలిసినవాళ్లు కనిపిస్తే పల్లె మారిపోయిందని నిట్టూరుస్తాం. నిజానికి లెక్క తెలియకుండా సేద్యం ఎప్పుడు సాగింది గనక? మనం చూసింది మన సెలవురోజునే, వాళ్ల పనిరోజుని కాదు.

తిరిగి వచ్చేసరికి కూర సిద్ధంగా ఉంది. రుచి సంగతి వేరే చెప్పాలా! అమ్మ మాత్రం రెండో కంకి తిని, బయల్దేరే ముందు వాళ్లింట్లోంచి కిలో పసుపు కొమ్ములు తీసుకుంది. ధర అడిగింది, ఇచ్చింది. బేరం లేదు.

"నలభై ఏళ్లుగా వరలక్ష్మీవ్రతానికి అందరికీ పసుపు పంచుతున్నా. తొమ్మిది నెలల పంటని ఇవాళే తెలిసింది" అంది కార్లో, ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని.

మీరూ వెళ్తే పొద్దున్నే చేరేలా చూసుకోండి. కంకులు కావాలంటే వానాకాలం, పసుపు కళ్లాలు చూడాలంటే సంక్రాంతి తర్వాత. కోడికి ఆర్డరిచ్చాక దొరికే ఆ గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చోకండి. ఎవరినైనా అడిగి, చేనులోకి వెళ్లి రండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

అన్నట్టు, మా పాప స్కూల్లో పల్లెటూరి బొమ్మ వేయమన్నారట. పెంకుటిల్లు లేదు, ఎడ్లబండి లేదు. మొక్కజొన్న మధ్య పసుపు, పక్కనే ఒక లారీ వేసింది!